తేలిక మూటతో రోము యాత్ర



మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే కందకుర్తికి వెళ్లే యాత్రికుని ఖర్చు నదిలో లేదు, దారిలో ఉంది. రోము యాత్ర కూడ అంతే. పునీత పేతురు మహాదేవాలయంలో ప్రవేశం ఉచితం; వీధి కుళాయిల మంచినీరూ ఉచితమే. భారమంతా విమానానిది, బసది. దానికోసం చెరకు పొలం తాకట్టు పెట్టకండి.

ఫ్రాన్సు దేశస్థుడైన పునీత బెనెడిక్టు జోసెఫ్ లాబ్రే (1748–1783) కాలినడకన రోము చేరి, కొలోసియం శిథిలాలలో నిద్రించారు. దొరికిన భిక్షను పేదలతో పంచుకున్నారు.

మరి వెళ్లలేనివారి మాట? 2025 జూబిలీలో రోగులను, ఒంటరి వృద్ధులను, ఖైదీలను దర్శించుటను కూడ తిరుసభ యాత్రగా ఎంచింది; వారిలో క్రీస్తు ఉన్నారు గనుక.

డబ్బు కూడితే రోముకు వెళ్లండి. కూడేదాకా పొరుగున ఉన్న రోగి గడప తొక్కండి. ఆ ద్వారమూ పరిశుద్ధమే.