చీర చూసి కాదు, ఆసు చూసి

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వడిగిన మాటకు జవాబు చెప్పలేకపోయాను. ఎప్‌సెట్ ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టాలి, నాన్న ఒకటంటున్నాడు, మేనమామ ఇంకొకటంటున్నాడు, దోస్తులంతా కంప్యూటర్ సైన్సే అంటున్నారు అని చెప్పుకొచ్చి, చివరికి "నువ్వు టీచర్ ఎందుకయ్యావు తాతా?" అన్నావు. నేను నవ్వి తప్పించుకున్నాను. ముప్పై అయిదేళ్లు చేసిన పని. ఎందుకు చేశావంటే నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. అందుకే ఈ ఉత్తరం. మాటల్లో అయితే ముసలివాళ్లం కాస్త గొప్పలు కలిపేస్తాం. కాగితం మీద రాసేటప్పుడు చెయ్యి జంకుతుంది.

ఉన్నమాట చెబుతున్నా. నేను టీచర్ని అయింది వాన వల్ల.

మా నాయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసేవాడు. వానలు ముదిరితే గుంటలో నీళ్లూరేవి. రంగులద్దిన నూలు ఆరేది కాదు. మగ్గం ఆగితే కూలి కూడా ఆగేది, చీర కోసి ఇస్తేనే కదా పైసలు. మా వాడకట్టు మొత్తంలో వానాకాలమైనా సరే ఒకటో తారీఖున డబ్బు తెచ్చుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన బడిపంతులు. అది చూసి పంతుళ్ల శిక్షణ, టీటీసీ చదివాను. 1974లో పంచాయతీ సమితి బడిలో చేరాను. పిల్లలంటే ప్రేమా, చదువంటే ఆరాధనా అప్పటికి నాకేమీ లేవు. వాన పడినా ఆగని జీతం కావాలి, అంతే.

"కోటి విద్యలు కూటి కొరకే" అనే సామెతను జనం కొంచెం ఎగతాళిగానో, కొంచెం నిట్టూర్పుగానో అంటుంటారు. నాకు అందులో చిన్నతనమేమీ కనిపించదు. కూడు కోసం పని ఎంచుకున్నవాణ్ణి తక్కువ చేసేవాడు ఆకలి ఎరగనివాడై ఉంటాడు. మన భాషలో బతుకుదెరువు అని ఒక మంచి మాట ఉంది. తెరువంటే దారి. ఈ పని చేస్తే బతకడానికి దారి దొరుకుతుందా అన్నదే మొదటి ప్రశ్న. కాబట్టి ఎంతొస్తుంది అని అడగడానికి నువ్వు సిగ్గుపడొద్దు. ఆ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు, అదీ నేను చెప్పేది.

ఇంకా ఏమడగాలో మా అమ్మ భుజం చెప్పింది నాకు.

పోచంపల్లి చీరను నువ్వు పెళ్లిళ్లలో చూశావు. దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారని నీకు తెలుసు. ఆ ముడులు కట్టాలంటే ముందు పేక దారాన్ని ఆసు పోయాలి. ఒక చివర ఒక మేకు, మరో చివర అర్ధచంద్రంలా గుచ్చిన పుల్లల వరస. దారాన్ని ఆ మేకుకూ ఈ పుల్లలకూ మధ్య చేత్తో అటూ ఇటూ చుడుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా కదలాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. చీర కట్టుకున్నవాళ్లకు రంగు కనిపిస్తుంది, అంచు కనిపిస్తుంది. ఆసు ఎవరికీ కనిపించదు. మా అమ్మ రాత్రి పడుకునే ముందు కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని కాసేపు కూర్చునేది. అది దేవుడికి దండం పెట్టుకోవడమేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

ఆ నొప్పిని చూసి ఊరుకోని కొడుకు ఒకడున్నాడు. మన ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి మానేసి మగ్గం మీద కూర్చున్నవాడు. తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక ఆసు పోయలేనంటే, చేతి బదులు యంత్రం తిరిగితే బాగుండునని 1992లో పని మొదలుపెట్టాడు. డబ్బు లేదు, ఇంజినీరింగ్ చదువు లేదు, నవ్వినవాళ్లు మాత్రం బోలెడుమంది. హైదరాబాద్ వెళ్లి పని చేసుకుంటూ, మిగిలిన పైసలన్నీ దాని మీదే పెట్టాడు. 1999కి యంత్రం పూర్తిగా తిరిగింది. గంటల తరబడి పట్టే ఒక చీర ఆసు గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది, ఆ తర్వాత ఆయన మీద సినిమా వచ్చింది, అవి నీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వేరు. మల్లేశం నేతపనిని ఎంచుకోలేదు, పుట్టేసరికే అది ఇంట్లో ఉంది. ఆ పనిలో ఎవరి నొప్పి తన బాధ్యత అన్నది మాత్రం ఆయనే ఎంచుకున్నాడు.

ఏ వృత్తికైనా ఒక ఆసు ఉంటుంది బిడ్డా. బయటి నుంచి చూస్తే కనిపించనిది, రోజూ అదే అదే చేయాల్సినది, భుజం లాగేసేది. డాక్టరుకు రాత్రి డ్యూటీలుంటాయి. వకీలుకు వాయిదాలుంటాయి. హైదరాబాద్‌లో మీ చిన్నాన్న కొడుకును అడుగు, ఎక్కడో దాక్కున్న ఒక్క తప్పు కోసం తెల్లవారుజాము దాకా తెర వైపు చూస్తూ కూర్చున్న రాత్రులెన్నో. నాకైతే ప్రతి జూన్‌లోనూ అ, ఆ దగ్గర మళ్లీ మొదలుపెట్టడమే ఆసు. ముప్పై అయిదు జూన్‌లు. మీరంతా కోర్సును చీర చూసినట్టు చూస్తున్నారు, ప్యాకేజీ ఎంత, ఏ దేశం, ఏ కంపెనీ అని. ఆసు చూసి ఎంచుకో. ఆ పనిలో ఉన్నవాళ్ల దగ్గరకు వెళ్లి, ఏ విశేషమూ లేని ఒక మామూలు మంగళవారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తారో అడుగు. విన్న తర్వాత ఇది నేను వేల సార్లు చేయగలను అనిపిస్తే అది నీ పని. చీర ఒక్కటే నచ్చిందంటే, దాన్ని కొనుక్కోవచ్చు, నేయనక్కర్లేదు.

ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్నకు వస్తాను. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నేను చేరిన పదకొండో ఏడు. మూడో తరగతిలో ఒక పిల్లవాడు, మన సాలోళ్ల పిల్లవాడే, బోర్డు మీద రాసింది ఎప్పుడూ తప్పే ఎక్కించేవాడు. పక్కవాడి పలకలోకి తొంగి చూసేవాడు. మొండి అనుకున్నాను. ఎన్నోసార్లు కొట్టాను. ఒక రోజు వాళ్లమ్మ బడికొచ్చింది. నాతో పోట్లాడుతుందని లోపల సిద్ధపడుతున్నాను. ఆమె మెల్లగా, "సారూ, ఇంట్ల గూడ దారం తెగితే ముక్కుకు ఆనించుకుని ముడేస్తున్నడు, జర చూడుండ్రి" అంది. చదువుకోని ఆ తల్లికి కనిపించింది టీటీసీ చదివిన నాకు కనిపించలేదు. మర్నాడు వాణ్ణి భువనగిరి తీసుకెళ్లాను. అద్దాలొచ్చాయి. అవి పెట్టుకుని బడికొచ్చిన రోజు వాడు పాఠం చదవలేదు. బోర్డు పై మూలన నేను రోజూ వేసే తేదీని చదివాడు. అక్కడ ఏదో రాసి ఉంటుందని అన్నాళ్లూ వాడికి తెలియదట.

ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. మరుసటి ఏడు నుంచి జూన్ మొదటి వారంలో ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ వెనక గోడకు నిలబెట్టి బోర్డు చదివించేవాణ్ణి. ఏ సర్క్యులర్‌లోనూ లేదది, ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు. నేను టీచర్ని అయింది జీతం కోసం. టీచర్‌గా మిగిలింది మాత్రం ఆ తేదీ వల్ల. కనుక ఎందుకు అన్న ప్రశ్నకు పద్దెనిమిదేళ్లకే జవాబు లేదని బెంగపడకు. నాకు పదకొండేళ్లు పట్టింది. అది కూడా ఒక అమాయకుడి అరచేతుల మీదుగా వచ్చింది. నీకు అంత ఖరీదు లేకుండా రావాలని నా కోరిక.

ఒకసారి ఆప్షను పెడితే జీవితమంతా అదేనన్న భయమూ వద్దు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చిన్నప్పుడు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోయాడు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివాడు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, అక్కడి ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ పరిశోధనలో పడ్డాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది చివరికి ఆయన బృందమే. అరటిపళ్ల దగ్గర మొదలైన దారి అక్కడికి చేరింది. అన్ని మలుపులు తిరిగినా ఇంట్లో చూసిన చావును ఆయన మరిచిపోలేదు.

ఒక్క విషయంలో మాత్రం తాత మాట ఖాయంగా విను. మరమగ్గం మీద నేసి అచ్చేసిన బట్టను చేనేత అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. వాళ్లూ బతుకుదెరువే అంటారు. కానీ ఆ ఒక్క అబద్ధంతో ఎన్ని ఇళ్లలో ఆసు వట్టిపోతుందో లెక్క వేసుకోరు. నువ్వు ఏ పనిలో ఉన్నా అలాంటి బట్ట నీ చేతికీ వస్తుంది, దాని మీద నిన్నూ ముద్ర వేయమంటారు. వేయకు. ఆ రోజు జీతం పోయినా సరే.

ఇంకో సంగతి. మా అమ్మను ఎవరూ నీకేం ఇష్టమని అడగలేదు. నిన్ను అడుగుతున్నారు, ఫారంలో ఖాళీలు ఇచ్చి మరీ అడుగుతున్నారు. ఆ ఖాళీలు ఊరికే రాలేదని గుర్తుంటే చాలు, దానికి కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. క్యాంటీన్‌లో పళ్లేలు కడిగే ఆమెతో మాట్లాడేటప్పుడు అది నీ గొంతులో ఉంటే చాలు.

ఆప్షన్లకు గడువు ఇంకా నాలుగు రోజులుందన్నావు. శనివారం బస్సెక్కి రా. అమ్మ ఆసు ఇంకా అటక మీదే ఉంది, దించి తుడిచి పెడతాను. దాని ముందు కూర్చుని దారం పట్టుకుని నూరు సార్లు చెయ్యి ఆడించు. తొమ్మిది వేలొద్దు, నూరే. తర్వాత చాయ్ తాగుతూ ఇద్దరం కలిసి ఫారం నింపుదాం. నువ్వు ఏది రాసినా నేను కాదనను.

ఇట్లు,
మీ తాత