వంకర ఎవరిది?

ఆదివారం పొద్దున్న లేచేసరికి మా భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద 18 ఉక్కు మొగ్గలు పెట్టి ఉన్నాయి. మొగ్గలంటే నిజంగా మొగ్గలే. ఒక కొసన సన్నంగా, రెండో కొసకి వచ్చేకొద్దీ లావుగా, చుట్టూ రేకులు విడబోతున్నట్టు నిలువు చీలికలు. ఒక్కోదాని నడుమ ఒక్కో సైజు బెజ్జం. గదంతా డీజిలు వాసన.

"ఇడ్లీలు ఎక్కడ పెట్టనండీ?" అన్నాను.

"కాస్సేపు ఆగు, కాలెట్లు ఆరాలి" అన్నారు మావారు.

కొందరు మగవాళ్ళకి పేకాట, కొందరికి రాజకీయాలు. మావారికి పెరట్లో రేకుల షెడ్డు, అందులో ఓ చిన్న లేత్ మిషను, ఓ చిన్న మిల్లింగ్ మిషను. ఆయన జేబుల్లో ఇనప రజను లేని చొక్కా నేనింతవరకూ ఉతకలేదు.

కాలెట్ అంటే మరేం లేదు, తిరిగే మిషను తన పనిముట్టుని పట్టుకునే పిడికిలి. దాన్ని మిషను నోట్లో పెట్టి నట్టు బిగిస్తే ఏటవాలు బెజ్జంలోకి దిగి, చీలికలు దగ్గరై, లోపలున్న కటింగు ముక్కని అన్నివైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది. గాజులు ఎక్కించేటప్పుడు గాజులావిడ మన చేతిని నాలుగువైపుల నుంచీ ఒక్కసారే ఒత్తి సన్నం చేస్తుంది చూడండి, అలాగన్నమాట. వీటిలో ఈఆర్ అనే రకాన్ని 1972లో స్విట్జర్లాండులో రెగో-ఫిక్స్ అనే కంపెనీ వాళ్ళు చేశారట. ఇప్పుడు అవే కొలతల్లో చాలా దేశాలవాళ్ళు చేస్తున్నారు. కొలతలు ఒకటే గానీ ఖరీదుల్లో మాత్రం హస్తిమశకాంతరం. స్విస్ సరుకు ఒకటో రెండో వచ్చే డబ్బుకి, రాణీగంజ్‌లో మావారికి 3 మిల్లీమీటర్ల నుంచి 20 దాకా మొత్తం సెట్టు వచ్చింది. చవగ్గా వచ్చిందన్న సంతోషం ఇంటికొచ్చేలోపలే అనుమానంగా మారింది.

"రనౌట్ చూడాలి" అన్నారు. నేను క్రికెట్ అనుకున్నాను. కాదు. ముక్క గిర్రున తిరిగేటప్పుడు ఉన్నచోటే తిరుగుతోందా, పక్కకి తొణుకుతోందా అన్న లెక్క. కాలెట్‌లో నునుపైన గుండ్రటి ఉక్కు కడ్డీ బిగించి, దాని ఒంటికి డయల్ గేజ్ ముల్లు ఆనించి, మిషను ఆన్ చెయ్యకుండా చేత్తో మెల్లిగా తిప్పాలి. ముల్లు ఎంత ఊగితే అంత రనౌట్. మన తల వెంట్రుక మందం మిల్లీమీటరులో ఏడెనిమిది నూరో వంతులుంటుందనుకుంటే, మావారికి కావలసింది రెండు నూరో వంతులకి మించని ఊగిసలాట. ఇంత పిసినారితనం ఎందుకంటే, సన్నటి డ్రిల్లు బిట్టు వంకరగా తిరిగితే పుటుక్కున విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఎదురుగా ఉండేది ఆయన మొహం. అంచేత ఈ పరీక్షని నేనెప్పుడూ వెటకారం చెయ్యలేదు.

మధ్యాహ్నానికి షెడ్డులోంచి కేకలు. ఒక్కటీ సరిగ్గా లేదు. అన్నీ ఐదూ ఆరూ నూరో వంతులు చూపిస్తున్నాయి. "చవక సరుకు! ఆ కొట్టువాడు నన్ను నిలువునా ముంచాడు. రేపే వెళ్ళి వాడి మొహాన కొడతాను" అంటూ డబ్బా సర్దుతుంటే, బాలానగర్లో చిన్న వర్కుషాపు నడిపే మా పిన్నికొడుకు భోజనానికొచ్చాడు. విషయమంతా విని, చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"ముందు మీ స్పిండిల్ చూశారా, బావగారూ?"

మావారు మాట్లాడలేదు.

"పద్ధెనిమిదీ ఒకేలా తప్పు చెప్తున్నాయంటే, పద్ధెనిమిదింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి కదండీ."

వాడు కాలెట్ తీసేసి, స్పిండిల్ నోటి లోపలి గోడకే గేజ్ ముల్లు ఆనించి తిప్పాడు. ముల్లు ఒక్కచోట చివుక్కున ఎగిరింది. గుడ్డ పెట్టి తుడిస్తే ఆ గుడ్డకి తళుక్కుమని అంటుకొచ్చింది ఇనప రజను పలుకు, చీమ తలకాయంత. ఆ పలుకు మా మిషనుది. మా షెడ్డుది. రాణీగంజ్ కొట్టువాడికి దాంతో ఏ సంబంధమూ లేదు.

మళ్ళీ కొలిచారు. ఒక్కోదాన్నీ మూడేసిసార్లు, విప్పి బిగించి. వాడు ఇంకో కిటుకు కూడా చెప్పాడు. ముల్లు ఎక్కడ ఎత్తు చూపిస్తోందో గుర్తు పెట్టుకుని, కాలెట్‌ని స్పిండిల్లో సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించాలిట. ఎత్తు కాలెట్‌తోపాటు అవతలి వైపుకి నడిచిపోతే తప్పు కాలెట్‌ది. ఉన్నచోటే ఉండిపోతే తప్పు స్పిండిల్‌ది. పైగా ముల్లు చూపించే ఊపు, కడ్డీ నడిబొడ్డు నుంచి పక్కకి జరిగినదానికి రెట్టింపు ఉంటుందిట. ఒక వంతు జరిగితే, ఇటొకటీ అటొకటీ కలిపి రెండు చూపిస్తుందన్నమాట.

నేను గడపలో నిలబడి వింటున్నాను. చేతిలో మజ్జిగ గ్లాసులు. నాకెందుకో ఆ మాటలు షెడ్డులోనే ఆగలేదు.

కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో ఒక అమ్మాయి పనికి కుదిరింది. చేరిన నెలకి నా డబ్బాలో 200 రూపాయలు తక్కువొచ్చాయి. అమ్మ చేసే పనే నేనూ చేశాను. ఓ రోజు సోఫా కింద 10 రూపాయల నోటు, మర్నాడు మంచం కింద 50 రూపాయల నోటు, పొరపాటున జారిపడినట్టు పడేశాను. మీలో చాలామందికి ఈ విద్య తెలిసే ఉంటుంది. మూడో రోజు ఆ అమ్మాయి రెండు నోట్లూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అమ్మగారూ, మీ ఇంట్లో డబ్బులు మూలమూలకీ దొరుకుతున్నాయి. ఊడ్చేటప్పుడు నాకు భయంగా ఉంటోంది. ఒక్కచోట పెట్టుకోండమ్మా" అంది. నవ్వలేదు. కోపమూ లేదు. దసరా దాకా చేసి, మా ఇల్లు దూరమవుతోందని మానేసింది. ఆమె ఉండేది మా వెనక వీధిలోనే.

ఆ 200 తరవాత దొరికాయి. నేను చదువుతూ వదిలేసిన నవలలో, 112వ పేజీ దగ్గర, గుర్తుగా పెట్టుకున్నాను.

పరీక్షించడమే తప్పంటారా? అనలేను. బెండకాయ కొస తుంచకుండా, కొబ్బరికాయ చెవి దగ్గర ఊపకుండా నేనెప్పుడూ కొనలేదు. ఇంట్లోకి కొత్త మనిషి వస్తుంటే మనసు కాస్త ముడుచుకోవడం సహజం. నమ్మి మోసపోయినవాళ్ళనీ చూశాను. కానీ కాలెట్‌కి తనని కొలుస్తున్నారని తెలీదు. కొలిచాక కూడా అది కొలవకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మనిషి అలా ఉండదు. నోటు వంగి తీసిన క్షణంలోనే ఆమెకి నా సంగతి మొత్తం అర్థమైపోయింది. ఆ తరవాత నెలల తరబడి ఆమె నాకు చూపించిన మర్యాద, ముందున్న మర్యాద కాదు. పెళ్ళిచూపుల్లో నన్ను నడిచి చూపించమన్నారు, పేపరు చదవమన్నారు. ఒళ్ళు మండింది గానీ, అది పరీక్ష అని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. నేనూ వాళ్ళని ఓరకంట కొలుస్తూనే ఉన్నాను. మంచం కింద నోటు అలాంటిది కాదు. అది పరీక్ష పేరు పెట్టుకున్న వల. పెట్టినదాన్ని నేనేనని ఆమె మొహం మీద చెప్పగలిగి ఉంటే అసలు పెట్టేదాన్నే కాదు.

ఇంకో మాట. ఆమె ఆ 50 తీసుకుని ఉంటే? నేను దొంగ అని తేల్చేసేదాన్ని. ఆ 200 కూడా ఆమె ఖాతాలోనే రాసేదాన్ని. ముల్లు రెట్టింపు చూపిస్తుందని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.

ఇంతకీ కాలెట్ల సంగతి. సాయంత్రానికి తేలిందేమిటంటే, 13 శుభ్రంగా ఉన్నాయి. నాలుగు కొంచెం ఎక్కువే గానీ మామూలు పనికి సరిపోతాయి. 6 మిల్లీమీటర్లది మాత్రం నిజంగానే వంకర. ఎన్నిసార్లు తుడిచినా, ఎటు తిప్పినా ఎనిమిది నూరో వంతులు, ఎత్తు దాంతోపాటే నడుస్తోంది. అన్ని నిందలూ అబద్ధమే కానక్కర్లేదు మరి. కొట్టువాడు మారుస్తానన్నాడు గానీ మావారికి మొహం చెల్లలేదు. పొద్దున్న అతన్ని తిట్టిన తిట్లు అతనికి తెలియకపోయినా సరే, వెళ్ళలేకపోయారు. నా గోళ్ళరంగు అడిగి, దాని నెత్తిన ఎర్ర చుక్క పెట్టి, కర్రపనికి ఉంచుకున్నారు. కర్రకి ఆ మాత్రం వంకర పట్టదుట.

సోమవారం నుంచి మా ఇంట్లో కొత్తావిడ పనికి వస్తోంది. అమ్మ ఫోన్లో "ఓ నోటు పడేసి చూడవే" అంది. ఊఁ కొట్టాను గానీ ఏమీ అనలేదు. ముందీ రెండ్రోజుల్లో అలమారులోని నవలలన్నీ తీసి, పేజీలు దులపాలి. నిన్న రాత్రి మొదటి అరలోనే 70 రూపాయలు దొరికాయి.