గీత పక్కన కూర్చున్న పిల్ల

బడి వదిలే నాలుగున్నరకీ, దీపాలు పెట్టే ఆరింటికీ మధ్య ఉన్న ఆ గంటన్నర ఎవరిది? పిల్లదా, తల్లిదా, ట్యూషన్ మాస్టారిదా? మొన్న మొన్నటిదాకా నాకీ సందేహమే రాలేదు. నాదే అనుకున్నాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడి వదిలాక డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ఉంచి చెడుగుడు ఆడించేవారు. మోకాళ్లు దోక్కుపోయి, జడలు ఊడిపోయి, నకనకలాడే ఆకలితో ఇంటికొచ్చేది. హాఫియర్లీలో లెక్కల మార్కులు తగ్గాయి. అంతే, ఆట మాన్పించి ఆ వేళకి ట్యూషన్ పెట్టించాను. పిల్ల ఎదురు చెప్పలేదు. అందుకు నేను కంగారు పడాల్సింది, బుద్ధిమంతురాలని మురిసిపోయాను.

నెల తిరిగేసరికి ఇల్లు మూగబోయింది. పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది. ఓ రాత్రి చూద్దును కదా, రెండింటికి కళ్లు తెరుచుకుని పడుకుని ఉంది.

"ఏమే, నిద్ర పట్టలేదా?"

"యాన్యువల్స్‌లో కూడా పోతే ఎలాగమ్మా?"

పద్నాలుగేళ్ల పిల్ల! నా గుండె జారిపోయింది. వేసవిలో ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు విప్పాలంటే మనందరికీ చేతులు వణుకుతాయి కదా!

ఏం చెప్పాలో తోచక మాట మార్చాను. "చెడుగుడులో ఔటైతే ఏం చేస్తారే?"

దాని మొహం వెలిగింది. "గీత బయట కూర్చుంటాం. మావాళ్లు అవతలివాళ్లని ఒకరిని ఔట్ చేస్తే మాలో ఒకరు మళ్లీ లోపలికి వెళ్తాం. ముందు ఔటైనవాళ్లు ముందు."

"ఔటైతే ఏడుపు రాదూ?"

"ఎందుకమ్మా? మావాళ్లు ఆడుతున్నారుగా!"

మా అన్నయ్యకి ఈ మాట చెబితే, "దాన్ని సంజీవని పద్ధతి అంటారే. ఔటైతే ఇక ఔటే అనే పద్ధతి ఇంకోటుంది, గామినీ అని" అన్నాడు. చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. మైదానంలో పిల్ల సంజీవని నేర్చుకుంటూంటే, ఇంట్లో నేను దానిచేత గామినీ ఆడిస్తున్నాను!

ఐదు నుంచి పదిహేడేళ్లవాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆటపాటలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆడుకోవడం పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక రాసింది. 1992లో మన దేశమూ దానికి ఒప్పుకుంది. హక్కంటే మార్కులొస్తే పంచే మిఠాయి కాదు. అన్నం పెట్టే ముందు ప్రోగ్రెస్ కార్డు అడుగుతామా?

పక్కింటి పిన్నిగారు మాత్రం, "స్పోర్ట్స్ కోటాలో సీటేమైనా వస్తుందా అమ్మాయ్?" అన్నారు. ఆవిడననేం లాభం? ఏదో ఒక లాభం కనబడితేగాని ఆటని గడప దాటనివ్వం మనం. పోనీ అని ప్రతి పిల్లా పి.వి. సింధు కావాలని కోచింగుకి తోస్తే, అదీ మరో పరీక్షే! పుస్తకం పోయి బ్యాటు వచ్చిందంతే.

ఆట సర్వరోగ నివారిణి అని నేననను. నిద్రా తిండీ పోయి పిల్ల కుంగిపోతుంటే డాక్టరుకి చూపించాల్సిందే. ప్రభుత్వం వారి టెలీమానస్ ఫోను 14416 కూడా ఉంది. కానీ ఓడినా తనవాళ్లు తనని మళ్లీ లోపలికి పిలుస్తారన్న నమ్మకం ఉందే, దాన్ని ఏ ట్యూషనూ నేర్పదు. మైదానంలో పిలవడానికి జట్టుంది. ఇంట్లో పిలవాల్సింది మనమే కదూ?

ట్యూషన్ ఏడింటికి మార్పించాను. లెక్కల మార్కులు పెరుగుతాయో లేదో ఆ దేవుడికే తెలియాలి.

నిన్న సాయంత్రం కూరలకని వెళ్తూ బడి గోడ దగ్గర ఆగాను. మా పిల్ల ఔటై గీత పక్కన కూర్చుని ఉంది. దుమ్ము కొట్టుకుపోయి, తనవాళ్ల కోసం గొంతు చించుకుని అరుస్తోంది. నన్ను చూడలేదు. నేనూ పిలవలేదు. ఆ గంటన్నర నాది కాదు మరి!