సాక్షికి తగిన వెలుగు

వివాహము అగ్నిసాక్షికముగా జరుగవలెనని మన పూర్వులు నియమించుటలో గంభీరమైన ఆలోచన యొకటి కనబడుచున్నది. హోమకుండములోని ఆ జ్వాల పాణిగ్రహణమును చూచును, సప్తపదిని చూచును, లాజలను స్వీకరించును. కాని వరునితో ఇటు తిరుగుమనదు, వధువుతో తలయెత్తుమనదు, గడచిన క్షణమును మఱల నడపుమని ఎవ్వరినీ కోరదు. నేడు ఆ అగ్నికి చేరువనే మఱియొక సాక్షి నిలిచియున్నాడు. వడ్లమూడిలోనేమి, చేబ్రోలులోనేమి, తెనాలి కల్యాణమండపములలోనేమి, వైశాఖ జ్యేష్ఠమాసముల రాత్రి ముహూర్తములకు ఫోటోగ్రాఫరు లేని పెండ్లి కానరాదు. అతడు ఎంత శక్తిగల ఫ్లాషును కొనవలెనన్నది వ్యాపారవిషయముగా తోచును గాని, సాక్షియైనవాడు తాను చూచుచున్నదానిని ఎంతవఱకు మార్చవచ్చునన్న ధర్మప్రశ్న దానియందు ఇమిడియున్నది.

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుని, పురుషునకు వెలుగు ఏదియని యడుగును. సూర్యుడని మహర్షి చెప్పగా, సూర్యుడస్తమించిన పిమ్మట ఏదియనియు, చంద్రుడును అస్తమించిన పిమ్మట ఏదియనియు రాజు వరుసగా ప్రశ్నింప, ఆ సంభాషణము అగ్నిని, వాక్కును దాటి ఆత్మజ్యోతి యొద్ద ఆగును. 14వ శతాబ్దివాడైన విద్యారణ్యస్వామి పంచదశిలో పదవ ప్రకరణమునకు నాటకదీపమని పేరు. నృత్యశాలలోని దీపము ప్రభువును, సభ్యులను, నర్తకిని సమానముగా వెలిగించును. అందఱును వెడలిపోయిన పిదప శూన్యశాలలోను అట్లే వెలుగుచుండును. వెలిగించుట వేఱు, నడిపించుట వేఱు. ఈ భేదమే వేదాంతులు చెప్పు సాక్షిత్వమునకు ప్రాణము. ఆత్మను గూర్చి చెప్పినదానిని విద్యుద్దీపమునకు అన్వయించుట సాహసమే. ఐనను మనుష్యుడు తన చేతిలోని వెలుగును ఏ ఆదర్శముతో సరిచూచుకొనవలెనన్నచో ఇంతకంటె ఉన్నతమైనది నాకు తోచుటలేదు.

చిన్న ఫ్లాషుతో పెండ్లికి వచ్చినవాడు దానిని సూటిగా ముఖములపైకే ప్రయోగించును. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవవంతునకు తగ్గుట ప్రకృతినియమము. కావున పీటలమీది వధూవరులు తెల్లగా పాలిపోయి, వారి వెనుక నిలిచిన అమ్మమ్మలు, మేనమామలు చీకటిలో కలిసిపోవుదురు. నాటకదీపమునందలి సమత్వము అక్కడ లేదు. నిపుణుడు ఫ్లాషు తలను పైకప్పువైపునకో, పందిరిలోని తెల్లని గుడ్డవైపునకో త్రిప్పును. అట్లు పరావర్తనము చెందిన కాంతి మృదువై అందఱిపైని పఱచుకొనును గాని, దారిలో నాలుగవవంతునకో ఎనిమిదవవంతునకో క్షీణించును. చిన్న ఫ్లాషు ఆ నష్టమును భరింపలేదు. ప్రతి పర్యాయము తన శక్తినంతయు వెచ్చించి, మఱల నిండుటకు కొన్ని సెకన్లు తీసికొనును. మాంగల్యధారణము ఆ విరామములోనే గడచిపోవును. అప్పుడు వినబడును ఆ మాట: "బాబూ, తాళి మళ్ళీ ఒకసారి పట్టుకోండి, ఇటు చూడండి." పురోహితుని మంత్రము ఆగును, గట్టిమేళము మాత్రము మ్రోగుచుండును, మూడు ముళ్ళలో ఒకటి అగ్నికొఱకు గాక కెమెరాకొఱకు పడును.

వడ్లమూడికి పొరుగుననే యున్న చేబ్రోలులో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మదేవాలయము గలదు. బ్రహ్మకు ఆలయములు అరుదగుటకు శైవపురాణములు చెప్పు కారణము మనవారికి తెలిసినదే. ఆద్యంతములు లేని జ్యోతిస్స్తంభమై శివుడు ఆవిర్భవింపగా, దాని శిఖరమును కానలేకపోయిన బ్రహ్మ కంటినని పలికి, మొగలిపువ్వును సాక్ష్యమునకు తెచ్చెను; ఆ కూటసాక్ష్యమునకు ఫలముగా ఆయనకు లోకమున పూజయు, మొగలిపువ్వునకు శివార్చనయందు స్థానమును లేకపోయెను. శివరాత్రినాడు వడ్లమూడి క్వారీ బాలకోటేశ్వరస్వామి తిరునాళ్ళకు విద్యుద్దీపముల ప్రభలను కట్టి తెచ్చు మన జనులు కొలుచునది ఆ జ్యోతిర్మూర్తినే. జ్యోతి యెదుట నిలిచి చూడనిదానిని చూచితిననుట వారి పురాణములో అంత పెద్ద అపరాధము. మఱల పట్టించిన తాళి చిత్రము నా దృష్టిలో మొగలిపువ్వు సాక్ష్యమే. మాట కటువుగా నున్నను దానిని తగ్గింపజాలను; అయితే నేరమంతయు ఫోటోగ్రాఫరుది కాదు, ఆల్బములో ఆ పటము లేనిచో అతని కూలి చెల్లింపమని పట్టుపట్టు పెద్దలకును అందు భాగము గలదు.

కావుననే బలమైన ఫ్లాషును కొనుటయే మేలని నా నిశ్చయము. గైడ్ నంబరు 60 మీటర్లని వ్రాసియున్నచో, ఐఎస్ఓ 100 వద్ద 10 మీటర్ల దూరమునకు ఎఫ్ 6 ద్వారము చాలునని భావము. కాని ఆ అంకె సాధారణముగా కాంతిని మిక్కిలి ఇఱుకుగా కేంద్రీకరించినప్పటిది, పైకప్పునకు త్రిప్పినప్పుడు నిలువదు. కెమెరాపై తగిలించు ఫ్లాషులకంటె 200 వాట్-సెకన్ల బ్యాటరీ ఫ్లాషులు రెండు మూడు రెట్లు బలము గలవి. అట్టిదానిని పదునాఱవవంతునకు తగ్గించి వాడినచో అది వెనువెంటనే సిద్ధమగును. ఎవ్వరిని మఱల తాళి పట్టుకొనుమనవలసిన పని యుండదు. దాని మెఱపు మిక్కిలి హ్రస్వమగుటచే తలంబ్రాల గింజలు గాలిలో నిలిచినట్లు పటమున పడును. హోమాగ్ని వన్నె ఇంచుమించు 2000 కెల్విన్, ఫ్లాషుది 5500. దానికి నారింజరంగు జెల్ తొడిగినచో రెండు వెలుగులకును వైరము తగ్గును. శక్తి లేనివాని మౌనమునకును, శక్తి యుండియు అణచుకొన్నవాని మౌనమునకును గల అంతరమును మన తపోధనులు ఎఱిగియుండిరి. ఈ యంత్రమునందును ఆ అంతరమే యున్నది.

ఐనను ఎంత నిగ్రహింపబడినను ఆ వెలుగు ఉండరాని సమయములు రెండు గలవు. జీలకఱ్ఱ బెల్లము పెట్టిన పిదప అడ్డుతెర తొలగి వధూవరులు ఒకరినొకరు చూచుకొను సమయము మొదటిది. ఆ చూపునకు ముందుగా మెఱపు కంటిని తాకరాదు. రెండవది అరుంధతీదర్శనము. సప్తర్షిమండలమున వసిష్ఠుని చెంత మసకగా నుండు ఆ తార కాంతి మనకు చేరుటకు సుమారు 80 సంవత్సరములు పట్టును. వరుని తాతగారి బాల్యమున బయలుదేరిన కిరణము నేడు వధువు కంట పడును. తీక్ష్ణమైన వెలుగును చూచిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు 20 నుండి 30 నిమిషములు కావలెను. అట్టి కంటికి అరుంధతి కనబడదు. కనబడెనని పురోహితునితో చెప్పుట ఆ పిల్లచేత పెండ్లినాడే అసత్యమాడించుట యగును.

ఈ వేసవిలో ముహూర్తములు పెట్టుకొన్న గృహస్థులకు నా విన్నపమిది: ఫోటోగ్రాఫరును కుదుర్చుకొనునాడే అతనితో మాటాడుడు, జరిగినదానినే తీయుమనుడు, జరిగిపోయినదానిని మఱల చేయింపవలదనుడు, అమ్మాయిని ఆరుబయటకు తీసికొనిపోవుటకు అరగంట ముందుగనే ఫ్లాషును, వీడియో దీపములను ఆర్పింపుడు.