తీర్పరి లేని ఋణము



మాట యిచ్చి నెరవేర్పలేనప్పుడు మనము మొదట వెదకునది కారణమును. కారణము నిజమైనచో మనస్సు కుదుటపడును. "నా తప్పు కాదు గదా" అని నిద్రింతుము. తప్పు మనది కానంత మాత్రమున ఋణము తీరినట్లగునా? ఈ ప్రశ్నకు దృష్టాంతముగా పురాణకథను గాక, ఐరోపాలో ఊరూరు తిరిగిన ఒక పాటల బృందము కథను మీ ముందుంచుచున్నాను.

కాలిఫోర్నియాకు చెందిన గ్రేట్‌ఫుల్ డెడ్ అను బృందము 1972లో ఐరోపా సంచారము చేసెను. ఏప్రిల్ 7న లండనులో మొదలై మే 26న లండనులోనే ముగిసిన ఆ యాత్రలో 22 కచేరీలు జరిగెను. గాయకులు, వాద్యకారులు, సామాను మోయువారు, ధ్వనియంత్రములు చూచువారు, భార్యాబిడ్డలు, అందరును కలిసి నలుబది మందికి పైగా రెండు బస్సులలో పయనించిరి.

దూరమునుండి చూచువారికి అది విలాసయాత్ర. కాని సామాను దింపవలెను, తీగెలు కలుపవలెను, శబ్దము సరిచూడవలెను. పాట ముగిసిన పిమ్మట అంతయు విప్పి మరల లారీ కెక్కింపవలెను. సభకు వినవచ్చునది పాట. ఆ పాటను మోయునవి పేరు తెలియని చేతులు. కాయకమన నట్టిదే గదా!

మే 3, 4 తేదీలలో పారిస్‌లో పాడి, 5వ తేదీన ఉత్తర ఫ్రాన్సులోని లీల్ నగరము చేరిరి. మనుష్యులు వచ్చిరి గాని వాద్యములు రాలేదు. లారీ దారిలో నిలిచిపోయెను. పారిస్‌లో అలిగిన ఒకడు దాని యింధనమును చెరచెనని బృందము వారు తరువాత చెప్పిరి. పాట కొరకు వచ్చిన జనము ఆగ్రహించెను. వాద్యకారులు కిటికీ గుండా దిగి తప్పించుకొనిరని చెప్పుదురు.

ఇందు వారి తప్పేమున్నది? చెరచినవాడు వేరొకడు. మార్గము ముందున్నది, ఇతర నగరములు ఎదురుచూచుచున్నవి. "ఏమి చేయుదుము, లారీ రాలేదు" అనినచో లోకము ఒప్పుకొనెడిది.

వారు మే 7న ఇంగ్లండులో, 10న ఆమ్‌స్టర్‌డామ్‌లో, 11న రోటర్‌డామ్‌లో పాడిరి. పిమ్మటి కచేరి 16న లక్సెంబర్గులో. నడుమ దొరికిన దినములు అలసిన దేహములకు విశ్రాంతి. ఆ విశ్రాంతినుండియే ఒక దినమును తీసి, మే 13న లీల్ నగరమునకు మరలి వచ్చిరి. ఆరుబయట, సంతలు జరుగు మైదానమున, ఎవ్వరివద్దను రుసుము గొనక నిండు కచేరి చేసిరి. కచేరి ప్రకటించుటయే మాట యిచ్చుట యని వారు గ్రహించిరి కాబోలు.

వారి నడవడి యంతయు మన కాదర్శమని నేననను. వారిలో పిగ్‌పెన్ అను పేర ప్రసిద్ధుడైన రాన్ మెకర్నన్ మద్యపానముచే దేహము చెడి, వ్యాధితోనే ఆ యాత్ర చేసి, 1973 మార్చి 8న ఇరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను. ఆ గతి మనకు హెచ్చరిక. అయినను బురదలోని మాణిక్యము మాణిక్యమే.

ఇక నా మాట. ఒకమారు ఒక పల్లెకు ప్రవచనమునకు వత్తునంటిని. వానకు వాగు పొంగి బస్సు రాలేదు. క్షమింపుడని ఉత్తరము వ్రాసి ఊరకుంటిని. ఆ రాత్రి వారు చాపలు పరచి, దీపము వెలిగించి చాలసేపు కూర్చుండిరని ఏండ్ల పిమ్మట వింటిని. వాగు ఒక్కనాటిలో తీసెను. నేను మాత్రము మరల పోనైతిని. అడ్డగించినది వాగా, నేనా?

పత్రము వ్రాసిన అప్పునకు న్యాయస్థానమున్నది. నోట పలికిన మాటకు తీర్పరి లేడు, అంతరాత్మయొక్కటే సాక్షి. జంగమమనగా కాళ్లు కదలుట మాత్రమే కాదు. విడిచివచ్చిన చోటికి తలవంచి మరలిపోగలుగుట కూడ. మీలో ప్రతివారికిని ఒక లీల్ నగరముండును. ఈ రాత్రి దాని పేరు తలచుకొనుడు. వీలైన మొదటి దినముననే బయలుదేరుడు. ఆ పల్లెకు నేనును పోవుచున్నాను.

శరణు శరణార్థి.