శౌచము – పెరటి గుంత

గృహస్థునకు శౌచము నిత్యధర్మము. కాని వంటయింట మిగిలిన కూరతొక్కలను, విస్తరాకులను, వాడిన పూలను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి గడప దాటించినంతనే ఆ ధర్మము నెరవేరినదా? వానినే పెరటిలో గుంత త్రవ్వి, ఎరువుగా మార్చి, కూరపాదులకు వేయవచ్చునన్నచో, తులసికోట యున్న పెరటిలో కుళ్లు పెట్టుట అశౌచము కాదా యని సంకోచించు ఆచారపరులు పెక్కుమంది కలరు. వారి సంకోచము నవ్విపోవలసినది కాదు, విచారింపదగినది.

మనుస్మృతి పంచమాధ్యాయమున భూమికి శుద్ధి ఐదు విధములుగా చెప్పబడినది: ఊడ్చుట, అలుకుట, నీరు చల్లుట, గీరి త్రవ్వుట, గోవులను నివసింపజేయుట. త్రవ్వుటయు శుద్ధియే యనుట ఇచ్చట గమనింపదగినది. పాత్రాదులను శుద్ధిచేయు ద్రవ్యములలో మట్టియు నొకటి. అట్టి మట్టిలో కలిసి, మూడు నాలుగు మాసములలో దుర్గంధము వీడి, తొలకరినాటి నేలవాసన గల నల్లని పొడియైనదానిని అశుచి యనుటకు హేతువు కనబడదు. అశౌచము ఒక అవస్థకు చెందినది. అవస్థ మారినచో అదియు పోవును.

ఆ అధ్యాయమందే శౌచములన్నిటిలోను అర్థశౌచము, అనగా ధనవిషయమున శుచిత్వము, శ్రేష్ఠమని చెప్పబడినది. మట్టితోను నీటితోను కలుగు శుద్ధి దాని తరువాతిదే. ఈ న్యాయము చెత్తకును అన్వయించును. ఇతరుని సొమ్ము తన యింటికి తెచ్చుకొనుట యెట్టి దోషమో, తన మాలిన్యమును ఇతరుని మీదికి నెట్టుటయు నట్టిదే. సంచిలో కుళ్లినదానిని వట్టి చేతులతో వేఱుచేయు పారిశుద్ధ్య కార్మికుడు, ఆకలికి సంచితోసహా మ్రింగు వీధి ఆవు – వీరి బాధపై నిలిచిన మడి ఏపాటి మడి?

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నమును గూర్చి మూడు వ్రతములు గలవు. అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధముగా చేయవలెను. మూడవదానిని విధించుచోటనే పృథివి అన్నమని చెప్పబడినది. గుంత రెండవ వ్రతమునకును, కూరపాదు మూడవదానికిని సాధనములు.

కొందఱు ఉత్సాహము కొలది, గుంతలోని పురుగులు తినుచున్నవి గనుక ఇదియే భూతయజ్ఞ మందురు. అది సరికాదు. భూతబలి తాను భుజింపబోవు అన్నమునుండి ముందుగా తీసి పెట్టునది. పారవేయదగినదానిని పెట్టి యజ్ఞమనుకొనుట ఆత్మవంచన. గుంతలో వేయుటను నేలతల్లికి ఋణము తీర్చుటగా మాత్రమే భావించుట యుక్తము.

ఇక విధానము. ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు మధ్యభారతమందలి ఇండోరులో పరిశోధించి, ఆకుచెత్తను పేడతో పొరలు పొరలుగా పేర్చి తిరుగవేయు పద్ధతిని 1931లో గ్రంథరూపమున వెలువరించెను. అది ఇండోరు పద్ధతి యని ప్రసిద్ధము. ఇంటికి 3 అడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంత చాలును. అడుగున ఎండుపుల్లలు పఱచి, తొక్కలు ఒక పాలైనచో ఎండుటాకులు రెండు మూడు పాళ్లు వేసి, పైన కొంచెము పేడ చల్లవలెను. తడి పిండిన గుడ్డవలె నుండవలెను. 15 దినముల కొకసారి తిరుగవేయవలెను. కంపు కొట్టినచో గాలి యాడలేదనియు, ఎండుటాకులు చాలలేదనియు తెలిసికొనవలెను. బాగుగా కుదిరిన రాశిలో వేడి 55 డిగ్రీలు దాటుటయు కలదు. ఆ వేడికి కలుపువిత్తనములు చాలవఱకు చచ్చును. నూనె వంటకములు వేసినచో ఎలుకలు చేరును. వానకాలమున గుంతలో నీరు నిలుచును గనుక మెరకపై కుప్ప వేయుట మేలు. పెరడు లేనివారికి అడుగున బెజ్జములు గల రెండు కుండలు చాలును.

దేవుని నిర్మాల్యమునకు మాత్రము వేఱు కుండ నుంచవలెను. దానిలో ఎంగిలి కలుపరాదు. దారములు తీసివేసి మాగనిచ్చి, ఆ ఎరువు నందివర్ధనమునకో మందారమునకో వేసినచో నిర్మాల్యము ఒకరి కాలిక్రింద పడదు. మురుగు కలిసిన కాలువలో విడుచుటకంటె ఇదియే గౌరవము.

ఎరువు సిద్ధమైన పిమ్మట మొదట తోటకూర చల్లవలెను. అది 25, 30 దినములలో కోతకు వచ్చును. బీర, ఆనప పందిరి కోరును; బచ్చలి గోడవారనైనను ప్రాకును. కోసిన పిమ్మట మిగిలిన కాడలు, వేళ్లు మరల ఆ గుంతలోనికే.