తాతకూ టాటాకూ మధ్య

మా పాపకు నాలుగేళ్ళప్పుడు డాలస్ నుంచి తెనాలికి వీడియో కాల్ చేస్తే, తెర మీద మా నాన్నగారు కనపడగానే చేతులూపుతూ "టాటా!" అని అరిచేది. "వచ్చీ రాగానే టాటా చెబుతుందేమిటే?" అనేవారాయన. పాప అంటున్నది "తాతా" అనే. తను రోజంతా బడిలో వినే ఇంగ్లీషులో మన 'త' లేదు, మన 'ట' కూడా లేదు. రెండింటికీ నడుమ, పై చిగురుకు నాలుక ఆనే ధ్వని ఒక్కటే ఉంది.

పిల్లకు నోరు తిరగడం లేదనుకున్నాను. అసలు సంగతి చెవిది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో ఈ త-ట తేడానే హిందీ ధ్వనులతో పసిపిల్లలకు వినిపించి చూశారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పిల్లలు 6-8 నెలలప్పుడు తేడా పసిగట్టారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. అది చదివి నా మనసు చివుక్కుమంది. మేమిద్దరం ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుకున్న రోజులు గుర్తొచ్చాయి.

అయితే మూసుకున్న చెవి మళ్ళీ తెరుచుకోదని కాదు. అక్షరాల పుస్తకం పక్కన పెట్టి వంటింట్లో ఆట మొదలుపెట్టాం. గిన్నె మీద మూత, పాత చీరలో కట్టిన బట్టల మూట ముందు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక మాట అనేదాన్ని. పాప విని సరైనది ముట్టుకోవాలి. మొదటి వారం అన్నీ గుడ్డి లెక్కలే. తర్వాత అద్దం ముందు నిలబెట్టి 'త'కు నాలుక పళ్ళకు తగలడం, 'ట'కు వెనక్కి మడత పడటం చూపించాను. తప్పు చెబితే దిద్దలేదు. అదే మాట మళ్ళీ అన్నాను, అంతే. పాట-పాత, కోట-కోత అయ్యాక మెడ-మేడకు వచ్చాం. దీర్ఘం వినపడితే చేతులు బారచాపాలి.

రైమ్స్ వీడియోలు పెట్టి వదిలేస్తే ఈ పని జరగదు. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం సియాటిల్‌లో 9 నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడించిన పిల్లలకు ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అవే టీవీలో చూసినవాళ్ళకు అంటలేదు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఇక్కడికొచ్చే ఆరు నెలలు ఎంత విలువైనవో దీన్నిబట్టి చూడండి. వాళ్ళను పిల్లల పక్కన కూర్చోనివ్వండి.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. పాప చిరిగిన సీరియల్ డబ్బా ముక్క పట్టుకొచ్చి, నాలుక పళ్ళకు ఆనించి ఒక్క క్షణం ఆగి, "అత్తా, ఇది అట్ట!" అంది.